ఇంటి వైరింగ్, లైట్ల పనికి ఎలక్ట్రీషియన్‌ని ఏం చూసి పెట్టుకోవాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. ఇల్లు పాతది. హాల్లో, బెడ్‌రూముల్లో కొత్త లైట్లు పెట్టించాలనుకుని ముగ్గురు ఎలక్ట్రీషియన్లను పిలిచారు. ఒకాయన మొత్తం వైరింగ్ తీసేసి కొత్తది వేయాలన్నాడు. ఇంకొకాయన వైర్ల జోలికి వెళ్లక్కర్లేదు, లైట్లు మారిస్తే చాలన్నాడు. మూడో ఆయన ఏదీ తేల్చకుండా పాయింట్‌కి ఇంత అని చెప్పి వెళ్లిపోయాడు. ఎవరి మాట నమ్మాలి, ఏం చూసి పని అప్పజెప్పాలి, సామాను మీరే కొనాలా అని అడిగారు.

మెగ్గర్ (వైర్లను పరీక్షించే పరికరం) పెట్టి కొలవకుండా వైర్లు మార్చాలన్నా, అక్కర్లేదన్నా ఆ మాటను లెక్కలోకి తీసుకోకండి. ముగ్గురిలో ఎవరైనా కొలిచారా? కొలవకపోతే ముగ్గురూ చెప్పింది ఊహే. ఇక మనిషిని ఎంచుకునే సంగతికొస్తే, రేటు చెప్పే ముందు అతను మిమ్మల్ని ఏమేం అడిగాడో గుర్తు చేసుకోండి. ఏసీలెన్ని, గీజర్ ఎన్ని వాట్లు, వంటింట్లో ఇండక్షన్ స్టవ్ ఉందా, మున్ముందు ఏమైనా కొనే ఆలోచన ఉందా, మీటర్‌కి ఎంత లోడ్ ఇచ్చారు, ఎర్త్ ఎక్కడుంది అని అడిగి, డీబీ బాక్స్ (ఇంటి లైన్లన్నీ విడిపోయే మెయిన్ పెట్టె) మూత తీసి చూసినవాడికి పని తెలుసు. గోడల వంక చూస్తూ పాయింట్లు మాత్రమే లెక్కపెట్టుకున్నవాడి రేటు ఎంత తక్కువైనా నేనైతే పని ఇవ్వను.

నేను చాలాకాలం వైరింగ్ కాంట్రాక్టులు చేశాను. ఇప్పుడు ఎక్కువగా వేరేవాళ్లు చేసిన పనిని టెస్ట్ చేసి రిపోర్ట్ ఇస్తుంటాను. కాబట్టి కింద రాసేదంతా గోడ లోపల నేను చూసినవాటి మీద ఆధారపడే.

ముందు ఆ మెగ్గర్ సంగతి చెప్తాను. వైర్ మీదున్న ఇన్సులేషన్ ఎంత గట్టిగా ఉందో కొలిచే పరికరం అది. 230 ఓల్టుల ఇంటి వైరింగ్‌లోకి 500 ఓల్టుల డీసీ పంపి ఫేజ్‌కీ (కరెంట్ వచ్చే వైర్) ఎర్త్‌కీ (భూమిలోకి వెళ్లే రక్షణ వైర్) మధ్య, న్యూట్రల్‌కీ (కరెంట్ తిరిగి వెళ్లే వైర్) ఎర్త్‌కీ మధ్య, ఫేజ్‌కీ న్యూట్రల్‌కీ మధ్య ఎంత రెసిస్టెన్స్ ఉందో చూస్తారు. అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం కనీసం 1 మెగా ఓమ్ రావాలి. కొత్త వైర్ అయితే దానికన్నా ఎన్నో రెట్లు వస్తుంది. అందుకే కనీసం దాటింది కదా అని నేను ఊరుకోను. ఇంట్లో మిగతా సర్క్యూట్లన్నీ (డీబీ నుంచి వెళ్లే విడివిడి లైన్లు) ఎక్కువ చూపించి ఒక్కటి మాత్రం 2, 3 దగ్గర ఆగితే ఆ ఒక్కదాన్నే వెతుకుతాను. చాలాసార్లు బాత్రూమ్ గోడో, నీళ్లు దిగే పైకప్పో దొరుకుతుంది. ఇలా సర్క్యూట్‌వారీగా కొలిస్తే మొత్తం మార్చాలా, ఒక భాగం మారిస్తే సరిపోతుందా అన్నది తేలిపోతుంది. కొలిచే ముందు ఎల్ఈడీ లైట్లు, టీవీ, ఫ్రిజ్ లాంటివన్నీ విడదీయాలి. లేకపోతే రీడింగ్ తప్పుగా వస్తుంది, 500 ఓల్టులకు వాటిలోని సర్క్యూట్లు పోవచ్చు కూడా. అతను ఈ మాట తనంతట తాను చెప్తే మంచి సూచన.

రీడింగ్ బాగానే వచ్చినా వైర్లు మార్చాల్సిన సందర్భాలు కొన్ని ఉన్నాయి. పాత అల్యూమినియం వైర్లు, వంచితే పెళుసుగా విరిగే రబ్బరు ఇన్సులేషన్, సాకెట్ల దాకా ఎర్త్ వైరే లేకపోవడం. ఈ మూడింటిలో ఏదున్నా సరే, ఈ పనిలోనే మార్పించుకోండి.

"లైట్లు మారిస్తే చాలు" అన్నాయన పూర్తిగా తప్పేమీ చెప్పలేదు. పాత 60 వాట్ల బల్బు ఇచ్చే వెలుతురును 8, 9 వాట్ల ఎల్ఈడీ ఇస్తుంది. అంటే కొత్త లైట్లు పెడితే వైర్ల మీద భారం తగ్గుతుందే తప్ప పెరగదు. లైట్ల కోసమే వైరింగ్ మార్చాలంటే కారణం అడగండి. పాత ఇళ్లలో అసలు ఇబ్బంది పవర్ సాకెట్ల దగ్గర. ఆ ఇల్లు కట్టినప్పుడు ఉన్నది ఒక ఐరన్ బాక్స్, ఒక మిక్సీ. ఇప్పుడు 2000 వాట్ల గీజర్ ఒక్కటే దాదాపు 9 ఆంప్స్ లాగుతుంది. ఇండక్షన్ స్టవ్ ఇంకో 9. ఈ రెండూ ఒకే వైర్ మీద ఉంటే 18 ఆంప్స్. మామూలుగా లైట్లు, ఫ్యాన్లకు 1.5 స్క్వేర్ ఎంఎం కాపర్ వైర్, పవర్ సాకెట్లకు 2.5, గీజర్‌కీ ఏసీకీ 4 వేస్తారు. దూరం ఎక్కువైనా, ఒకే పైపులో చాలా వైర్లు వెళ్తున్నా ఇంకో సైజు పెంచాల్సి వస్తుంది. పెద్ద లోడ్లు ఒక్కోదానికీ డీబీ నుంచి విడి లైన్ ఉండాలి.

ఇక్కడే నేను తరచూ చూసే ఘోరం ఒకటి చెప్పాలి. ఒకరింట్లో వంటింటి ఎంసీబీ (లోడ్ ఎక్కువైతే తనంతట తానే ఆఫ్ అయ్యే స్విచ్) పదేపదే పడుతోందని ఎలక్ట్రీషియన్‌ని పిలిచారు. అతను 16 ఆంప్స్ ఎంసీబీ తీసి 32 పెట్టాడు. ట్రిప్ అవడం ఆగింది. పని అయిపోయిందని ఇంటివాళ్లు సంతోషించారు. కొన్నాళ్లకు స్విచ్‌బోర్డు దగ్గర కాలిన వాసన వస్తోందని నన్ను పిలిచారు. లోపల 1.5 వైర్, దాని ఇన్సులేషన్ గోధుమ రంగులోకి తిరిగి పెంకులా ఊడిపోతోంది. ఎంసీబీ ఉన్నది గోడలో వైర్‌ని కాపాడటానికి. వైర్ మోయగలిగేదానికన్నా పెద్ద ఎంసీబీ పెడితే ముందు కాలేది వైరే. అందుకే మాట్లాడటానికి వచ్చిన ఎలక్ట్రీషియన్‌ని నేను అడగమనే ప్రశ్న ఒకటుంది: "ఎంసీబీ ఊరికే పడిపోతుంటే ఏం చేస్తారు?" వెంటనే "పెద్దది వేసేద్దాం" అంటే టీ ఇచ్చి పంపించేయండి. "ఏయే వస్తువులు వేసినప్పుడు పడుతోంది?" అని ఎదురు ప్రశ్న వేస్తే మాట ముందుకు సాగించండి.

ఆర్‌సీసీబీ (కరెంట్ లీకైతే సప్లై కట్ చేసే స్విచ్) దగ్గర కూడా ఇలాంటిదే జరుగుతుంది, ఇది ఇంకా ప్రమాదం. మెట్ల లైట్ వేసిన ప్రతిసారీ ఇల్లంతా కరెంట్ పోయే ఒక ఇల్లు చూశాను. నాకన్నా ముందు వచ్చినాయన ఆర్‌సీసీబీ పాడైందని చెప్పి దాన్ని బైపాస్ చేసి వెళ్లాడు. నిజానికి ఆర్‌సీసీబీ చక్కగా పనిచేస్తోంది. అది చేసేది ఒకటే పని. ఫేజ్‌లో వెళ్లిన కరెంట్, న్యూట్రల్‌లో తిరిగొచ్చిన కరెంట్ సమానంగా ఉన్నాయా అని చూస్తుంటుంది. తేడా వస్తే ఆ కరెంట్ ఎవరి ఒంట్లోంచో, ఏ తడి గోడలోంచో భూమిలోకి పోతున్నట్టే కాబట్టి సప్లై కట్ చేస్తుంది. మనుషుల రక్షణకు పెట్టేది 30 మిల్లీ ఆంప్స్‌ది. ఆ ఇంట్లో మెట్ల లైట్‌కి ఫేజ్ కింది అంతస్తు నుంచి, న్యూట్రల్ దగ్గర్లో ఉందని పై అంతస్తు నుంచి తీసుకున్నారు. ఒక 9 వాట్ల బల్బు లాగేదే 40 మిల్లీ ఆంప్స్ దాకా ఉంటుంది. ఆ కరెంట్ కింది ఆర్‌సీసీబీలోంచి వెళ్లి తిరిగి దానిలోకి రాలేదు, అది పడిపోయింది. న్యూట్రల్ సరిచేస్తే సమస్య పోయింది. ఈలోపు ఆ ఇంట్లోవాళ్లు రక్షణ లేకుండా ఎన్నాళ్లు తిరిగారో.

ఒకదాని పని ఇంకొకటి చేయదన్నది గుర్తుంచుకోండి. ఎంసీబీ ఓవర్‌లోడ్‌నీ షార్ట్ సర్క్యూట్‌నీ ఆపుతుంది, మీకు షాక్ కొడితే దానికి తెలియదు. ఆర్‌సీసీబీ షాక్‌ని పట్టుకుంటుంది, ఓవర్‌లోడ్‌ని పట్టించుకోదు. ఒక చేత్తో ఫేజ్, ఇంకో చేత్తో న్యూట్రల్ పట్టుకుంటే ఆర్‌సీసీబీ కూడా కాపాడలేదు, దాని దృష్టిలో మీరూ ఒక బల్బే. డీబీలో రెండూ ఉండాలి. వీలైతే ఆర్‌సీసీబీలు ఒకటికన్నా ఎక్కువ పెట్టించండి. అప్పుడు ఒక గీజర్‌లో కరెంట్ లీకైతే ఇల్లంతా చీకటవదు.

ఎర్త్ గురించి ఒక్క మాట. కొన్ని ఇళ్లలో సాకెట్ టెస్టర్ పెడితే దాని లైట్లు సరిగ్గానే వెలుగుతాయి, తీరా విప్పి చూస్తే సాకెట్ వెనక న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ చిన్న ముక్క వైర్‌తో లింక్ కొట్టి ఉంటుంది. డీబీ దాకా ఎర్త్ వైరే ఉండదు. రోజువారీ ఏ ఇబ్బందీ కనిపించదు. న్యూట్రల్ ఎక్కడైనా ఊడిన రోజు ఫ్రిజ్ బాడీకి, వాషింగ్ మెషీన్ బాడీకి నేరుగా ఫేజ్ వచ్చేస్తుంది. అందుకే ప్రతి సాకెట్ నుంచి డీబీ ఎర్త్ బార్ వరకు కంటిన్యుటీ (వైర్ మధ్యలో తెగకుండా ఉందా అన్నది) కొలిచి చూపించమనండి. ఆర్‌సీసీబీ మీదున్న టెస్ట్ బటన్ నొక్కి "చూడండి, పడింది, అంతా ఓకే" అంటారు కొందరు. ఆ బటన్ ఆర్‌సీసీబీ పనిచేస్తోందా లేదా అన్నదే చెప్తుంది. ఇంట్లో ఎర్త్ అసలు లేకపోయినా ఆ బటన్‌కి అది పడుతుంది.

ఇక మనిషి. లైసెన్స్ అడగడానికి మొహమాటపడకండి. లైసెన్స్ ఒకరిది, పని చేసేది ఇంకొకరు అన్నది ఈ రంగంలో మామూలే, కాబట్టి రెండో ప్రశ్న కూడా అడగండి: "పని దగ్గర రోజూ ఎవరుంటారు?" మేస్త్రీ మాట్లాడి వెళ్లి, మర్నాటి నుంచి ఇద్దరు కుర్రాళ్లు వస్తారు. కుర్రాళ్లు రావడం తప్పు కాదు, మేమూ అలానే నేర్చుకున్నాం. గోడ మూసే ముందు, డీబీ కనెక్షన్లు ఇచ్చేటప్పుడు మాత్రం పెద్దాయన ఉండాలి. ఆ మాట ముందే తీసుకోండి. రెండు మూడేళ్ల కిందట అతను చేసిన ఇల్లు ఒకటి చూపించమనడం ఇంకా మంచిది. నిన్న మొన్న చేసిన పని ఎవరిదైనా బాగానే కనిపిస్తుంది. అక్కడ డీబీ మూత అతనితోనే తీయించి లోపల చూడండి. ఏ ఎంసీబీ దేనిదో రాసి ఉందా, న్యూట్రల్ వైర్లు వరసగా ఉన్నాయా, ఒక్క స్క్రూ కింద నాలుగు వైర్లు కుక్కారా. దీనికి మీకు సాంకేతిక పరిజ్ఞానం అక్కర్లేదు. నీటుగా ఉన్నదీ చిందరవందరగా ఉన్నదీ ఎవరికైనా తెలుస్తుంది.

పనిలో దిగాక ఒక చిన్న అలవాటు గమనించండి. వైర్ పట్టుకునే ముందు మెయిన్ ఆఫ్ చేసి, మల్టీమీటర్‌తోనో రెండు కాళ్ల టెస్టర్‌తోనో సప్లై లేదని చూసుకుంటాడా? స్క్రూడ్రైవర్ టెస్టర్‌లో లైట్ వెలగలేదు కాబట్టి కరెంట్ లేదనుకోవడం తప్పు. "నాకు అలవాటే" అని లైన్‌లోనే పనిచేసేవాడిని చూసి ధైర్యవంతుడని మురిసిపోకండి. తన ప్రాణం దగ్గరే షార్ట్‌కట్ తీసుకునేవాడు మీ గోడలో తీసుకోకుండా ఉంటాడా?

రేటు పోల్చే ముందు "పాయింట్" అంటే ఏమిటో ముగ్గురితోనూ కాగితం మీద రాయించండి. గొడవలన్నీ ఇక్కడే పుడతాయి. మెట్ల దగ్గర టూ-వే స్విచ్ ఒక పాయింటా, రెండా? లైట్ బోర్డు మీదే ఉన్న ప్లగ్‌ని విడిగా లెక్కేస్తారా? ఒక స్విచ్ మీద ఆరు సీలింగ్ లైట్లుంటే ఒకటా, ఆరా? గోడ గాడి కొట్టడం, మళ్లీ సిమెంట్ పూయడం, డీబీ బిగించడం, మీటర్ నుంచి డీబీ దాకా మెయిన్ లైన్, పాత వైర్ తీయడం, చెత్త ఎత్తడం ఎవరి లెక్క? ఇవన్నీ కలిపితే తక్కువ రేటు చెప్పినవాడు అందరికన్నా ఎక్కువ అవడం చాలాసార్లు చూశాను. పాయింట్ల పట్టికతో పాటు సర్క్యూట్ల పట్టిక కూడా అడగండి: ఏ ఎంసీబీ ఎన్ని ఆంప్స్, ఏ సైజు వైర్, దాని మీద ఏమేం ఉన్నాయి. ఒక పేజీ చాలు. అది రాసివ్వలేనివాడు మనసులో కూడా లెక్క వేసుకోలేదని అర్థం.

డబ్బులు దశలవారీగా ఇవ్వండి. పైపులు వేశాక కొంత, వైర్లు లాగాక కొంత, స్విచ్‌లు లైట్లు బిగించాక కొంత. చెప్పుకోదగ్గ భాగం టెస్టింగ్ అయ్యి, రీడింగులతో సంతకం పెట్టిన రిపోర్ట్ చేతికొచ్చేదాకా ఆపండి. ముందే ఇలా ఒప్పుకుంటే ఎవరూ నొచ్చుకోరు, చివర్లో చెప్తేనే తగువు.

గోడ మూసేముందు ప్రతి గోడకీ ఫోన్‌తో ఫోటోలు తీసుకోండి, టేప్ ఆనించి నేల నుంచి ఎంత ఎత్తులో పైపు వెళ్తోందో కనబడేలా. తర్వాత ఎప్పుడో ఫోటో ఫ్రేమ్‌కి మేకు కొట్టేటప్పుడు పనికొస్తాయి. పైపు లోపల వైర్ జాయింట్ ఎక్కడా ఉండకూడదు, జాయింట్ ఉంటే మూత తీసి చూడగలిగే బాక్స్‌లోనే ఉండాలి. ఇది కూడా కాగితంలో రాయించండి.

లైట్ల విషయంలో ఎలక్ట్రీషియన్‌ని తప్పుపట్టలేం, మీరు ఎక్కడ చెప్తే అక్కడ పెడతాడు. కాబట్టి ముందు మంచం, సోఫా, టేబుల్ ఎక్కడొస్తాయో నేల మీద గీసుకుని, తర్వాత పైకి చూడండి. ఒకరింట్లో ఫాల్స్ సీలింగ్ నిండా వరసగా డౌన్‌లైట్లు పెట్టించారు, అన్నీ 6500కె తెలుపు (కె అంటే కెల్విన్, వెలుగు రంగు కొలత; అంకె తగ్గేకొద్దీ పసుపు, పెరిగేకొద్దీ తెలుపు). ఫోటోలో బ్రహ్మాండంగా ఉంది. పడుకుంటే రెండు లైట్లు సరిగ్గా కళ్లలోకి కొడతాయి, సగం ఆర్పుదామంటే అన్నీ ఒకే స్విచ్ మీద. చివరికి వాళ్లు టేబుల్ ల్యాంప్‌తో గడుపుతున్నారు. బెడ్‌రూమ్‌కి 2700 నుంచి 3000కె, వంటింటికీ చదువుకునే చోటికీ 4000కె దాకా బాగుంటుంది. ఒకే గదిలో వేర్వేరు రంగులు కలిపితే ఏదో తేడాగా కనిపిస్తుంది. వాట్లు చూసి కొనకండి, ల్యూమెన్స్ (ఎంత వెలుతురు ఇస్తుందో చెప్పే అంకె) చూడండి. సీఆర్ఐ (రంగులను ఎంత నిజంగా చూపిస్తుందో చెప్పే అంకె) 80కి తగ్గకుండా, అద్దం దగ్గరా వంటింట్లో 90 ఉంటే రంగులు ఉన్నవి ఉన్నట్టు కనిపిస్తాయి. అద్దానికి లైట్ పై నుంచి కాకుండా రెండు పక్కల నుంచి రావాలి, లేకపోతే కళ్ల కింద నీడలు పడతాయి. వంటింట్లో గది మధ్య లైట్ ఒక్కటే ఉంటే గట్టు మీద మీ నీడే పడుతుంది, కప్‌బోర్డుల కింద స్ట్రిప్ లైట్‌కి పాయింట్ ఇప్పుడే పెట్టించండి.

స్ట్రిప్ లైట్ అంటే గుర్తొచ్చింది. ఎల్ఈడీ కన్నా ముందు పోయేది దాని డ్రైవర్ (ఎల్ఈడీకి సరిపడేలా కరెంట్ మార్చి ఇచ్చే చిన్న పెట్టె). దాన్ని సీలింగ్‌లో పెట్టి మూసేస్తే రేపు సీలింగ్ కోయాలి. చెయ్యి పట్టే చోట పెట్టమనండి. డౌన్‌లైట్లు మాత్రం సీలింగ్‌కి రంధ్రాలు కొట్టకముందే కొని ఇవ్వండి, కటౌట్ సైజులు కంపెనీకొకటి ఉంటాయి. డిమ్మర్ (వెలుతురు తగ్గించి పెంచే స్విచ్) కావాలంటే లైట్, డిమ్మర్ రెండూ ఒకదానికొకటి సరిపడేవి కావాలి, లేకపోతే గుయ్యిమంటాయి, మినుకుమంటాయి. స్మార్ట్ స్విచ్‌లు ఇప్పుడు వద్దనుకున్నా ప్రతి స్విచ్ బాక్స్‌లోకి ఒక న్యూట్రల్ వైర్ లాగించి ఉంచండి. స్విచ్ ఆపినా ఎల్ఈడీ సన్నగా వెలుగుతుంటే చాలామంది బల్బుని తిడతారు. ముందు స్విచ్ ఫేజ్‌లో ఉందా, న్యూట్రల్‌లో ఉందా చూపించుకోండి. న్యూట్రల్‌లో ఉంటే బల్బు మార్చేటప్పుడు హోల్డర్‌లో ఫేజ్ అలాగే ఉంటుంది.

సామాను ఎవరు కొనాలన్నారు. వైర్, ఎంసీబీ, ఆర్‌సీసీబీ, స్విచ్‌లు మీరే కొనండి, లిస్ట్ అతనితో రాయించుకుని. క్లిప్పులు, స్క్రూలు, టేపు, బెండ్లు అతనికే వదిలేయండి, వాటి కోసం మీరు రోజుకు నాలుగుసార్లు తిరగలేరు. అనుమానంగా ఉన్న వైర్‌ని కొంచెం వలిచి ఒక పోగుని బ్లేడ్‌తో గీకి చూడండి. లోపల తెల్లగా ఉంటే అది రాగి పూసిన అల్యూమినియం, వెనక్కి ఇచ్చేయండి. చుట్ట చేతిలో తేలిగ్గా ఉన్నా అదే అనుమానం. విప్పని చుట్టలు వాపసు తీసుకుంటారా అన్నది కొనేటప్పుడే బిల్లు మీద రాయించుకోండి.

మీ ముగ్గురిలో ఎవరన్నది నేను ఇక్కణ్ణుంచి చెప్పలేను. మెగ్గర్ తెచ్చి కొలవమని ముగ్గురికీ చెప్పండి, దానికి విడిగా డబ్బులిస్తానని కూడా చెప్పండి. ఎవరు వస్తారో చూసి, రీడింగులు, సర్క్యూట్ల పట్టిక ఇక్కడ పెడితే చూసి చెప్తాను. డీబీ ఫోటో కూడా పెట్టొచ్చు, కానీ లోపలి మూత మీరు విప్పకండి, మెయిన్ స్విచ్ ఆపినా దానికి వచ్చే వైర్లలో కరెంట్ ఉంటుంది.